పైడిపాల గోత్రం, శివరామకృష్ణ

పెళ్లయినప్పట్నించీ, ఇరవై రెండేళ్లుగా, ఆ గుడి లెక్కంతా ఉమాశ్రీ చేతిరాతలోనే ఉంది. పాలకొల్లు అవతల ఓ పల్లెలో శివాలయం. ఆమె భర్త కామేశంగారు అక్కడి పూజారి. ఎవరి జన్మనక్షత్రం ఎప్పుడో, ఆ రోజు ఎవరి పేరున అర్చన జరగాలో నోటు పుస్తకాల్లో రాసేది ఆవిడే. వానాకాలం చెమ్మకి కాగితాలు అతుక్కుపోతే మళ్లీ మొదట్నించీ రాత.

నలభై ఆరో ఏట ఆవిడకి విసుగెత్తింది. మధ్యాహ్నం గుడి మూశాక ఫోన్లో పాఠాలు వింటూ, పాత లాప్‌టాప్‌లో డేటాబేస్ తయారుచెయ్యడం మొదలుపెట్టింది. టేబుల్లో మనిషికో వరస, ఒక వరస ఇంకోదానితో కలవకుండా ఒక గుర్తు ఉండాలని పాఠంలో చెప్పారు. దాన్నే ప్రైమరీ కీ అంటారు. ఉమాశ్రీ తడుముకోలేదు. సంకల్పంలో సాక్షాత్తూ శివుడికి మనిషిని అప్పజెప్పేది గోత్రం, పేరుతోనే కదా, శివుడికి సరిపోయింది కంప్యూటరుకి చాలదా అని ఆ రెండూ కలిపి కీ చేసేసింది.

ఓ రోజు పైడిపాల గోత్రం, శివరామకృష్ణ అని ఎక్కించబోతే, ఆ వరస ముందే ఉందంది కంప్యూటరు. తానే ఎక్కించి మరిచిపోయాననుకుని, దాని జ్ఞాపకశక్తికి మురిసిపోయింది పిచ్చితల్లి. ముందున్నది తాతగారు. ఎక్కనిది ఆయన పేరే పెట్టుకున్న మనవడు.

నిరుడు తాతగారు పోయారు. ఆ వరసలో 'స్వర్గస్థులు' అని చేర్చింది. ఈమధ్య మనవడి పుట్టినరోజుకి తాతగారి భార్య, చిన్నమ్మాయిగారు, గుడికొచ్చి గోత్రం, పేరు చెప్పారు. కామేశంగారు, ఉమాశ్రీ ఫోన్లోకి ఎక్కించిచ్చిన జాబితాలో వెతికి, ధ్యాస ఎక్కడుందో గానీ, పైకే చదివేశారు.

"స్వర్గస్థులని ఉందండి."

"ఆయన కాదండి. మా మనవడు," అన్నారావిడ.

ఇంటికొచ్చి కామేశంగారు కేకలెయ్యలేదు. "ఆవిడ మళ్లీ నమ్మితే ఉంచు ఉమా. లేదంటే పుస్తకాలే తియ్యి," అన్నారు. తిట్టినా అంత బాధపడేది కాదు ఉమాశ్రీ.

రెండు రోజులు కూర్చుని కీ మార్చి, మనిషికో నంబరు వేసింది. తర్వాత చిన్నమ్మాయిగారింటికి వెళ్లింది.

"తప్పు నాదేనండి. ఇద్దరినీ ఒక్కరనుకున్నాను. ఇప్పుడు తాతగారిది నూట పద్నాలుగు, మనవడిగారిది ఎనిమిది వందల ఆరు. ఇక కలవరండి. మీరు వద్దంటే మాత్రం తీసేస్తాను."

"ఆయన పంచెలు పాలేరుకిచ్చేశాం. సైకిలు మా మరిది తీసుకెళ్లాడు. పేరు ఎప్పుడో మనవడికిచ్చాం," అన్నారు చిన్నమ్మాయిగారు. "ఆ నూట పద్నాలుగు కూడా తర్వాత ఎవరికైనా ఇచ్చేస్తారాండి?"

"ఇవ్వమండి. మనిషి పోయినా ఆ నంబరు ఇంకొకరికి వెయ్యకూడదు. ఎప్పటికీ ఆయనదే."

ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు.

"అయితే ఉంచండి ఉమాశ్రీగారూ. నాకు నూట పదిహేను వెయ్యండి."