రాణిగారి చెయ్యి

మా అమ్మాయి బొమ్మలు వేసే కోర్సులో చేరి రెండేళ్లయింది. చుట్టాలకు మాత్రం మధురవాడలో ఇంజినీరింగ్ చదువుతోందని చెప్పాను. ఆ అబద్ధాన్ని తనచేత కూడా మోయించాను. పెళ్లిళ్లలో ఎవరైనా చదువు సంగతి ఎత్తితే నా మొహంవైపు చూసి ఊరుకునేది. తరవాత పెళ్లిళ్లకు రావడమే మానేసింది. నాతో మాటలు కూడా అవసరానికే.

అలాంటిది, మొన్న ఆదివారం మ్యూజియానికి తోడు రమ్మంది. పాతకాలపు జమీందారిణి పటం ఒకటి చూసి, దాని మీద వ్యాసం రాయాలట. బీచ్‌రోడ్డుదాకా బండి మీద దింపుతానన్నాను. లోపలికి కూడా రమ్మంది.

నిలువెత్తు పటం. ఎర్రటి పట్టుచీర, మెడనిండా ముత్యాలు, కుర్చీ మీద ఆనించిన కుడిచెయ్యి. మొహమేమో పాలతెలుపు, చెయ్యేమో చామనచాయ.

చెయ్యి కుదరలేదని, మొహానికీ దానికీ పొంతనే లేదని అన్నాను, తెలిసినవాడిలా.

తను నవ్వింది. ఆ రోజుల్లో గోషా కదా, బయటి మగవాడికి రాణి మొహం చూపించేవారు కాదంది. నగలు పళ్లెంలో పంపి ఉంటారు, మొహం దాసీలు చెప్పినదాన్నిబట్టి వేసి ఉంటారు, తెర పక్కనుంచి చెయ్యి ఒక్కటే బయటపెట్టి ఉంటుంది. ఇదంతా తన ఊహేనట.

దగ్గరికెళ్లి చూశాను. ముత్యం ముత్యానికీ మెరుపుంది. కళ్లు మాత్రం ఎవరినీ చూడటంలేదు. చేతిమీద నరం ఉబ్బి ఉంది. ఉంగరం వేలిని నొక్కుతోంది.

"చూసి వేసింది ఈ చెయ్యొక్కటే నాన్నా. మొహం వాళ్లకి కావాల్సినట్టు వేసుకున్నారు."

రాణి గురించే అంది. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

అక్కడే నిలబడి గోపాలపట్నంలో ఉండే మా అక్క మొగుడికి ఫోన్ చేశాను.

"బావా, పాపది ఇంజినీరింగు కాదు. బొమ్మలేత్తంది. ఇన్నాళ్లూ నాను అబద్ధం సెప్పేను."

"తెల్సు బావా. మీ ఆవిడ మీ అక్కకి ఎప్పుడో సెప్పీసింది. నీ నోటంట ఎప్పుడొత్తాదా అని సూత్తన్నాం."

ఫోన్ పెట్టేసి, వచ్చే నెల వాళ్లమ్మాయి సీమంతానికి వస్తావా అని మా అమ్మాయిని అడిగాను.

"ఏం చదువుతున్నావని అడిగితే?"

"నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను."

తను నేలమీద కూర్చుని, పెన్సిలు తీసి, రాణిగారి చెయ్యి గీయడం మొదలుపెట్టింది. నన్ను వెళ్లమనలేదు.