అంతర్వేది ఆటో బేరం

రాజోలులో బస్సు వదిలేసి, మండుటెండలో ఐదుగురు పిల్లలతో నిలబడి ఆటో బేరమాడిన ఘనుణ్ణి నేను. ఇద్దరు నా పిల్లలు, ముగ్గురు మా అన్నయ్య పిల్లలు. అంతర్వేది సముద్రానికి నూటయాభై అన్న ఆటో అతన్ని వందకి దింపాను. కిరాణా కొట్లో పెరిగినవాణ్ణి మరి.

మలికిపురం దాటాక పిల్లలు దాహమంటే, అతను తన ఇంటి ముందే ఆపాడు. వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. పిల్లలు దూడ వెంట పెరడంతా పరుగెత్తి, ఇక సముద్రం వద్దన్నారు. వాళ్ళని ఎలాగో ఒప్పించి సముద్రానికి బయల్దేరేటప్పుడు ఆవిడ ఒక్కొక్కరి చేతిలో పది రూపాయలు పెట్టింది.

"ఎందుకమ్మా ఇవి?" అన్నాను.

"మొదటిసారి మా ఇంటికొచ్చేరు. పిల్లల్ని వట్టి చేతుల్తో ఎలా పంపుతామండీ?"

ఆటో అతని వైపు తిరిగి, "నూటయాభయ్యే తీసుకోండి," అన్నాను.

"బాగోదండీ. వందకి ఒప్పుకున్నాం కదా."

ఆటోకి వంద ఇచ్చాను. పిల్లలకి యాభై వచ్చింది. అంటే మేము ఆరుగురం సముద్రానికి వెళ్ళింది యాభై రూపాయలకి, మజ్జిగతో కలిపి.