దాపట అన్నాడా, దాటు అన్నాడా

చూపు తీసుకున్నా దారి తీసుకోని దేవుడికి ముందుగా స్తోత్రం. తల్లి కడుపులో ఉన్నప్పటినుంచి ఇవాళ పొద్దున ఈ మంచం మీద నిద్రలేపేంతవరకు నా చెయ్యి వదలని తండ్రికి వందనాలు. ఆయన పేరు ముందు చెప్పకుండా ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు నోరు రాలేదు.

నేను దయ్యాల్ని ఎన్నడూ నమ్మలేదు. చనిపోయినవాళ్ళు ప్రభువు పిలిచేదాకా నిద్రలో ఉంటారని చిన్నప్పటినుంచి విన్నవాణ్ణి. ఎవరికైనా గాలి సోకిందంటే ముందు ఒళ్ళు వేడిగా ఉందేమో చూడమనేవాణ్ణి. ఇప్పుడూ అంతే. పైగా నేను చెప్పబోయేదాంట్లో చచ్చిపోయినవాళ్ళెవరూ లేరు. దయ్యం అనడానికి కూడా వీల్లేదు. అందుకే ఇన్నేళ్ళయినా దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియలేదు.

నాకు కళ్ళు లేవు. పదేళ్ళ వయసులో మశూచి వచ్చి రెండూ పోయాయి. మిషను బడిలో ఒకరు చదువుతుంటే విని వాక్యం నేర్చుకున్నాను. అధ్యాయాలకి అధ్యాయాలు నోటికి వచ్చు. ఒక్క అక్షరం తప్పు పలికితే మా అయ్యవారు బెత్తంతో బల్ల మీద కొట్టేవారు. కాబట్టి నా చెవి సంగతి నేను గట్టిగా చెప్పగలను. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే మా ఇంటికి వచ్చే ఒక అమ్మాయి రాస్తోంది. కలం ఎక్కడ ఆగిందో నాకు వినపడుతూనే ఉంటుంది.

యుద్ధం రోజులు. నాకు ఇరవయ్యారేళ్ళు. మాచర్లలో ఆడవాళ్ళ కూటాలకి వాక్యం చెప్పే మనిషి కావాలని కబురొస్తే బాపట్ల నుంచి బయల్దేరాను. రైలు పట్టాలు మాచర్లతో అయిపోతాయి. బండి దిగి గుడ్డసంచి భుజాన వేసుకుని నిలబడితే, ఇక ముందుకు పోవడానికి ఏమీ లేదన్నట్టు ఇంజను నిట్టూర్చడం నాకింకా గుర్తుంది.

సంఘ పెద్ద ఇస్రాయేలు గారు మంచివారే. కాని నన్ను చూసి ఆయనకి మాట తడబడింది. గుడ్డివాణ్ణని జవాబులో ఎవరూ రాయలేదట. "పంతులూ, మాది కూలి చేసుకు బతికే సంఘం. నీ చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పడానికి మనిషిని పెట్టలేం. మూడు ఆదివారాలు చూద్దాం. నీ అంతట నువ్వు తిరగ్గలిగితే ఉండు. లేకపోతే టిక్కెట్టు కొని పంపిస్తాం" అన్నారు.

పంపిస్తే నేను పోవాల్సింది మా అన్న ఇంటి వసారాలోకే. వదిన చెడ్డది కాదు. అయినా ఆమె కంచం నా ముందు పెట్టే చప్పుడులోనే నా బతుకెంతో తెలిసిపోయేది. ఆ చప్పుడు మళ్ళీ వినకూడదని ఆ పూట మోకాళ్ళ మీద చానాసేపు ఉన్నాను.

మర్నాడు పొద్దున కోటయ్య మామ వచ్చాడు. ప్రార్థన ఇంటి పక్కనే ఆయన బండి విప్పేది. క్వారీలో తీసిన నాపరాళ్ళు తోలుకునే మనిషి. యాభై దాటినాయి, నోట్లో పళ్ళు సగం లేవు. ఏటా కోటప్పకొండకి బండి కట్టుకుపోయే భక్తుడు. ఒక ఎద్దుకి గిట్ట పగిలి ఆ వారం బండి ఖాళీగా ఉంది.

"కొత్త ఎద్దుకి దారి నేర్పినట్టు నీకూ నేర్పుతా, రా" అన్నాడు. పగ్గం కొస నా చేతికిచ్చాడు. "ముక్కుతాడు లేదు గాబట్టి చేతికిస్తున్నా. ఏమనుకోమాక."

ఆ రోజు తిరిగినట్టు నేను మళ్ళీ ఏ ఊరూ తిరగలేదు. చూపున్నవాడికి చూపించే ఊరు వేరు. ఆయన నాకోసం ఇంకో ఊరు తయారుచేశాడు. ఈ బావి గిలక కీచుమంటది, ఆ బావి గిలక మూలుగుతది, రెంటికీ మధ్య మీ సంఘం మార్తమ్మ ఇల్లు. నువ్వుల గానుగ వాసన తగిలితే నలభై అడుగులు ఎక్కువ వచ్చినట్టు. నాపరాయి పలకలు నిలబెట్టి కట్టిన గోడ పక్కన నడిస్తే కర్ర చప్పుడు తిరిగొస్తది, ఆ చప్పుడు ఆగిపోయిందంటే సందు వచ్చినట్టు. ముఖానికి చల్లగాలి తగిలితే చంద్రవంక వాగు దగ్గరపడింది, ఇక ఆగు. ఏ పెద్దకులాల వీధిలో నాలాంటివాడు చెప్పులు విప్పి చేత పట్టుకోవాలో కూడా గొంతు తగ్గించి చెప్పాడు. అది చెప్పేటప్పుడు తనకే సిగ్గేసినట్టుంది.

కుడి ఎడమ అన్న మాటలు ఆయన నోటికి వచ్చేవి కావు. కాడికి కుడివైపు కట్టే ఎద్దు ఎలపట, ఎడమవైపుది దాపట. నన్నూ అట్టాగే తోలాడు. "ఎలపట. ఇంకొంచెం. ఇప్పుడు దాపట." బడిలో చదివిన నాకు మొదట నవ్వొచ్చింది. పదోసారికి కాళ్ళే అర్థం చేసుకోవడం మొదలుపెట్టాయి.

కమ్మరి కొలిమి దాటిన తర్వాత ఒక సందు ఉంది. కొలిమి నుంచి అరవై ఒక్క అడుగులు లెక్కపెట్టాను. అక్కడ ఆయన "దాటు" అన్నాడు. అడ్డంగా రాయేదో ఉందనుకుని కర్ర పైకెత్తి, కాలు బారుగా ఎత్తి వేశాను. ఆ రోజు ఆ దారంట మూడు తడవలు తిరిగాం. మూడు తడవలూ అక్కడికి రాగానే "దాటు" అన్నాడు. మూడు తడవలూ దాటాను.

రెండో రోజు నుంచి ఒంటరిగా తిరిగాను. ఇల్లు తప్పలేదు, గుంటలో పడలేదు. కమ్మరాయన సంతోషించి నా కర్ర కొసకి ఇనప పొన్ను వేసిచ్చాడు. దాంతో చప్పుడు ఇంకా బాగా తిరిగొచ్చేది. అన్నీ కుదిరాయి, ఆ ఒక్కచోట తప్ప.

ఆ సందులో సుబ్బమ్మ అని క్వారీ పనివాడి భార్య ఉండేది. మా సంఘం మనిషి కాదు. నోరు పెద్దది. "ఏమే, ఇటు రాండే. పంతులు మోక్షానికి మెట్లెక్కుతుండు చూడండి" అని పక్కవాళ్ళని పిలిచేది. నేను ఆగి, "ఇక్కడ రాయి లేదా అమ్మా?" అన్నాను. "రాయేంది, రప్పేంది. నున్నటి నేల. నీకు లేని కళ్ళకి ఏం కనపడుతుందో మాకేం తెలుసు" అంది. కర్రతో తడిమి చూశాను. నిజంగానే నున్నటి నేల.

కోటయ్య మామని అడిగాను.

"దాటు అనలా. దాపట అన్నా" అన్నాడు. "ఎలపటి పక్క మురుగ్గుంట ఉంది. దాపటగా పో అని చెప్పా."

"నాకు దాటు అని వినపడింది మామా."

"పళ్ళు లేని నోరు గదా. నీకట్టా తగిలిందేమో."

"మరి మూడుసార్లు కాలెత్తితే చెప్పలేదేం?"

"గుడ్డోళ్ళ నడక అట్టాగే ఉంటదేమో అనుకున్నా" అన్నాడు. మళ్ళీ తనే, "మూడో తడవ నేనూ ఎత్తా, నీకు తోడుగా" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. కాని నాకు లోపల ఒకటి మిగిలింది. ఆ రోజు పాతిక చోట్ల దాపట అన్నాడు. పాతిక చోట్లా దాపటగానే విన్నాను. ఆ ఒక్క చోటే, మూడుసార్లూ, దాటు అని ఎట్లా విన్నాను?

నవ్వులు ఇస్రాయేలు గారిదాకా పోయాయి. రెండో ఆదివారం కూటమయ్యాక ఆయన నన్ను పక్కకి పిలిచారు. "నడక బాగుంది పంతులూ. ఆ గంతు మాత్రం మానుకో. బుర్ర కూడా సరిగా లేదని ఊళ్ళో అంటే ఆడవాళ్ళు కూటాలకి రారు. పై ఆదివారం పెద్దలు నీ సంగతి తేలుస్తారు" అన్నారు.

మానేశాను. సోమ, మంగళ, బుధ, అరవై ఒకటో అడుగు దగ్గర కర్ర నేలకి ఆనించి, మామూలుగా నడిచాను. సుబ్బమ్మకి సరదా పోయి ఊరుకుంది.

బేస్తవారం మధ్యాహ్నం. మార్తమ్మ అత్త జ్వరంతో ఉంటే ప్రార్థనకి పోతున్నాను. ఎండకి వీధిలో ఎవరూ లేరు. కిర్రుచెప్పులు తొడుక్కుని, పొన్ను కర్ర టకటకలాడించుకుంటూ గబగబా నడుస్తున్నాను. యాభై తొమ్మిది. అరవై.

"దాటు."

ఎడమ చెవి పక్కనే. కోటయ్య మామ గొంతు. ఆ పళ్ళ సందు గాలితో సహా. అనుకోవడం కాదు, తలపుకు రావడం కాదు. మీరు పిలిస్తే నేనెట్లా వింటానో అట్లా విన్నాను. ఆలోచించే లోపలే కర్ర లేచింది, కాలు లేచింది. బారుగా వేసి అవతల పడ్డాను.

నా వెనక, కింద, ఒక చంటిపిల్ల కిలకిలా నవ్వింది.

తర్వాత సుబ్బమ్మ కేక. ఆమె లోపల పొయ్యి దగ్గర ఉందట. ఎనిమిది నెలల పిల్ల గడప దిగి పాక్కుంటూ వచ్చి, సరిగ్గా ఆ నున్నటి నేల మీద కూర్చుని ఉంది. సుబ్బమ్మ వాకిట్లోకి వచ్చేసరికి నా కాలు పిల్ల తల మీదుగా పోతోందట. పంచె అంచు పిల్ల జుట్టుకి తగిలిందట. చెప్పు తగల్లేదు, పొన్ను తగల్లేదు. నేను మామూలుగా నడిచి ఉంటే, ఆ ఇనప పొన్ను ముందు ఎక్కడ పడేదో ఆలోచించడం నాకిప్పటికీ ఇష్టం ఉండదు.

నేను "కోటయ్య మామా" అని పిలిచాను. పలకలేదు. "ఆయనెక్కడున్నాడు ఇక్కడ? బండి కట్టుకుని మంగళవారమే నూజెండ్ల పోయాడు" అంది సుబ్బమ్మ, పిల్లని ఎత్తుకుని ఏడుస్తూనే. సందులో మేం తప్ప ఇంకెవరూ లేరని ఒట్టేసి చెప్పింది.

ఆయన శనివారం పొద్దున వచ్చాడు. ఒక ఇంటి కప్పుకి పలకలు దించి ఖాళీ బండితో తిరిగొచ్చాడు. నేను అడిగితే, "బేస్తవారం మధ్యాన్నమా? బండి మీద పడుకుని నిద్దరపోతున్నా" అన్నాడు. ఆయన వెనక ఇంకో బండి తోలుకొచ్చిన మనిషి అక్కడే ఉన్నాడు. ఆ మాట వినగానే, "అదేనా? నిద్దట్లో దాటు అని ఊరదిరేట్టు అరిచినావు గదా. ఎడ్లు బెదిరి ఆగిపోయినయ్. నేనే దిగి అదిలించా" అన్నాడు. నేనింకా ఎవరికీ ఏ మాట విన్నానో చెప్పలేదు. కోటయ్య మామ పగ్గం చుట్టడం మొదలుపెట్టిన చప్పుడు వినపడింది.

నేనే అన్నాను. "మా వాక్యంలో ఒక గాడిద నోటితో కూడా మాట్లాడించినవాడు మా దేవుడు, మామా. నీ నోటితో మాట్లాడించడం ఆయనకేం పెద్ద పని కాదు."

"అంటే నన్ను గాడిదంటావా పంతులూ" అన్నాడు. "పిల్లని కాపాడింది మా కోటయ్య సామి. మీ వాడికి నా పళ్ళు లేని నోరెందుకు?" ఇన్నేళ్ళయినా ఈ తగువు తేలలేదు. తేలాలని ఇద్దరికీ లేదు.

మూడో ఆదివారం పెద్దలు కూర్చున్నారు. సుబ్బమ్మ పిల్లని చంకనేసుకుని వచ్చి ప్రార్థన ఇంటి బయట నిలబడింది, లోపలికి రాలేదు. "ఇస్రాయేలయ్యా, ఆ పంతుల్ని పంపించారంటే నేను ఊరుకోను. అక్కడ రాయి లేదని నవ్వినదాన్ని నేనే" అని చెప్పి వెళ్ళిపోయింది. పెద్దలకి ఇక మాట్లాడుకోవాల్సింది లేకపోయింది. నేను ఈ ఊళ్ళోనే ఉండిపోయాను. పెళ్ళి చేసుకున్నాను. నా కంచం చప్పుడు నాకు హాయిగా ఉంటుంది.

సుబ్బమ్మ తన దేవుణ్ణి మార్చుకోలేదు. నేను అడగలేదు కూడా. అడగాల్సిందని మా సంఘంలో కొందరు ఇప్పటికీ అంటారు. ఆమె భర్త మాత్రం మరుసటి వారమే క్వారీ నుంచి ఒక నాపరాయి పలక తెచ్చి, పిల్ల పాక్కుంటూ అవతలికి పోకుండా ఆ సందులో అడ్డంగా పాతాడు. కొలిమి నుంచి అరవై ఒకటో అడుగు. ఇప్పుడు ఆ దారంట పోయేవాళ్ళందరూ అక్కడ కాలెత్తే దాటాలి.

చెవి పొరపడిందనుకుంటే మొదటి మూడుసార్లకి సరిపోతుంది, నాలుగోసారికి సరిపోదు. దైవదూత అందామంటే అది పొగాకు వాసన వచ్చే కోటయ్య మామ గొంతే. వాక్యమంతా నోటికొచ్చినవాణ్ణి, ఈ ఒక్క మాట ఎక్కడినుంచి వచ్చిందో చెప్పలేను.

ఇక్కడికి వచ్చేసరికి రాస్తున్న చెయ్యి ఆగింది. "పంతులుగారూ, నేనప్పుడు నవ్వానా?" అని అడుగుతోంది. నవ్వావమ్మా కోటేశ్వరీ, రాయి.

ఈ పిల్ల వచ్చే నెల గుంటూరు పోయి నర్సు చదువులో చేరుతోంది. కోటయ్య మామ మంచంలో ఉన్నాడు, ఎడ్లని పేరుపెట్టి పిలుస్తున్నాడట. చదివేవారు ఒక్క నిమిషం నాతో తల వంచండి. తండ్రీ, ఈ బిడ్డ అడుగు పెట్టబోయే ప్రతిచోటా ముందుగా ఒక మాట వినిపించు. ఆ ముసలాయనకి దాటాల్సింది వచ్చినప్పుడు, ఆయనకి తెలిసిన గొంతుతోనే చెప్పు.