నేను చదును చేసిన చోంగ్‌కింగ్

చైనాలోని చోంగ్‌కింగ్ నగరం గురించి మా చర్చి హాల్లో గంటసేపు మాట్లాడి శాలువా కప్పించుకున్నాను. ఆ గంటలో ఒక్క సంగతి మాత్రం చెప్పలేదు: ఆ ఊరిని నేను చూడలేదు.

వెళ్లిన మాట నిజమే. యంత్రాల బేరం కోసం జనవరిలో మా కంపెనీ పంపింది. కారు ఏదో సొరంగంలో దూరి నేరుగా హోటల్ అడుగున తేలింది. లిఫ్టు ఎక్కితే గది, దిగితే మీటింగు. సెలవు దొరికిన ఒక్క రోజూ, బయటికెళ్తే ఏం తినాల్సి వస్తుందోనని భయపడి, సకినాలు నములుతూ మంచం మీదే గడిపాను. కిటికీ అవతల తెల్లటి పొగమంచు తప్ప ఏమీ లేదు. ఏమీ కనబడలేదు కాబట్టి ఊరు చదునుగా ఉందని తేల్చాను. నాకు చలేసింది కాబట్టి అక్కడ ఏడాది పొడుగునా చలేనని తేల్చాను.

ఇంత పరిశోధన చేసి వచ్చినవాణ్ణి సికింద్రాబాద్ ఊరుకుంటుందా? ఉపన్యాసం పెట్టించింది. "ఊటీ లాంటి వాతావరణం, పరేడ్ గ్రౌండ్ లాంటి నేల" అన్నాను. దగ్గర్లోని దాజూలో కొండరాతికి చెక్కిన పాతకాలపు బౌద్ధ శిల్పాల ఫొటోలు నెట్‌లోంచి దించి, వాటిని తడిమి వచ్చినవాడిలా వర్ణించాను. ముందు వరుసలో పెద్దలు తలలూపారు. వాళ్ల మనసంతా వెనక వంటగదిలో దమ్మవుతున్న బిర్యానీ మీదే ఉంది.

నన్ను నమ్మింది మా అక్క ఒక్కతే. సీతాఫల్‌మండిలో ఉంటుంది, బడిలో సోషల్ చెప్పి రిటైరైంది. ఏళ్ల తరబడి పిల్లలకు నాగార్జునకొండ పాఠం చెప్పిన మనిషికి, బుద్ధుడు అంత దూరం పోయి ఎలా మారాడో చూడాలని ఆశ. మోకాళ్లే అడ్డం.

"మెట్లు గిట్ల ఉంటయారా తమ్ముడూ?" అని అడిగింది.

"ఒక్కటి సుత లేదక్కా" అన్నాను.

ఆగస్టులో బావను వెంటబెట్టుకొని, రెండు స్వెటర్లు సర్దుకొని టూరు వెళ్లింది.

యాంగ్జీ, జియాలింగ్ నదులు కలిసే చోట, కొండల మీద నిలువునా కట్టిన ఊరది. ఒక వీధికి గుమ్మమైనది పక్క వీధికి ఎనిమిదో అంతస్తు. చలికాలమంతా పొగమంచు. అక్కడ వేసవి జూలై, ఆగస్టుల్లో; అప్పుడు చైనావాళ్లే దాన్ని కొలిమి అంటారు. మన మే నెల ఎండ పొడిగా మాడుస్తుంది. అక్కడ రెండు నదుల తేమ తోడై ఉడకబెడుతుంది. ఇవన్నీ నేను చదివింది అక్క మోకాళ్లు వాచి తిరిగొచ్చాకే. దాజూలో శిల్పాలున్న లోయలోకి మెట్లు దిగలేక ఆమె గేటు దగ్గరే కూర్చుందట. బుద్ధుణ్ణి పక్కవాళ్ల ఫోన్లలో చూసిందట.

వాళ్లు తిరిగొచ్చాక మొదటి ఆదివారం, ఆరాధన ముగిశాక బావ మొదలుపెట్టాడు. "జిందగంత పిల్లలకు మ్యాపులు చూపెట్టింది మీ టీచరమ్మ. కొలిమిలకు స్వెటర్ ఏస్కొని పోయింది!"

"సోషల్‌ల మీకు మార్కులు ఎవరేసిన్రు టీచర్?" అన్నాడు మా సంఘ కార్యదర్శి. అందరూ నవ్వారు.

అక్క నా వైపు చూడలేదు. "నేనే జెర చూస్కోవాల్సింది. మా తమ్ముడు పోయినప్పుడు చల్లగనే ఉండె" అంది.

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. నేనూ నవ్వాను.

తర్వాతి వారం కూడా అదే జోకు. ఆ పై వారం అక్క చర్చికి రాలేదు. మోకాళ్ల నొప్పులని బావతో చెప్పి పంపింది. కారణం మోకాళ్లు కాదని నాకు తెలుసు. ఆరాధన కాగానే, అక్క దగ్గర చాయ్ తాగుదాం రమ్మని బావనూ కార్యదర్శినీ, నవ్విన మరో ఇద్దరినీ పిలుచుకొని సీతాఫల్‌మండి వెళ్లాను.

"ఏందీ, ఇంటిదాంక వచ్చిన్రు? జోకులింక మిగిలినయా?" అంది అక్క, తలుపు సగమే తీసి.

"ఆ ఊర్ల నేను హోటల్ దాటి అడుగు బయట పెట్టలేదక్కా."

"మరి గా లెక్చర్?" అన్నాడు కార్యదర్శి.

"అంత ఝూటా." అక్క వైపు తిరిగాను. "నీకు మ్యాపు రాక కాదు, నన్ను నమ్మి పోయినవ్. వీళ్లు నిన్ను నవ్వుతుంటే నేను సుత నవ్విన. అందరి ముంగట చెప్తున్న, తప్పు నాది. మాఫ్ చెయ్యక్కా."