పొద్దు వాలితే ఓబులయ్య కళ్లు

మా పెదనాయన ఓబులయ్యకు నూట ఇరవై గొర్రెలున్నాయి. ఊరు మర్రిపాడు దగ్గర. ఏ పిల్ల ఏ గొర్రెదో మొహం చూసి చెప్పగలడు. వేసవిలో కలువాయి వైపు పొలాల్లో మంద కడతాడు. రాత్రంతా వల లోపల గొర్రెలు పడుకుంటే రైతు నేలకు ఎరువు, మా ఇంటికి గింజలు.

నిరుడు రాఘవ అనే రైతు పొలంలో మంద కట్టినప్పుడు, సందె వేళ పెదనాయన వలను ఒక పక్క తెరవబోయి ఇంకో పక్క తెరిచాడు. గొర్రెలు శెనక్కాయ చేలో పడ్డాయి. తాగి ఉన్నావా అని రాఘవ నిలదీస్తే పెదనాయన తల దించుకుని ఔనన్నాడు. ఆయన జన్మలో సారా ముట్టలేదు. ఆ అబద్ధం ఎందుకో నాకు అర్థం కాలేదు.

అప్పటినుంచి ఆయన్ను గమనించాను. పొద్దు వాలకముందే ఇల్లు చేరేవాడు. ఆలస్యమైతే గంట కట్టిన మేకపోతు వీపు మీద చెయ్యి వేసి నడిచేవాడు. ఒకరోజు నీళ్ల చెంబు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి చూశాను. పగలైతే చటుక్కున అందుకునే చెయ్యి, సందె వేళ అరుగంతా తడిమింది. పెద్దమ్మ రామలక్ష్మమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం మేక కార్జం వండిపెడుతున్నది రేచీకటికేనని అప్పుడు చెప్పింది.

కంటి మీద పరిశోధన చేసేవాళ్లు ఆత్మకూరులో క్యాంపు పెడితే, కాగితాలు చదవగలనని నన్ను తోడు పంపారు. డాక్టర్ సుకన్య పెదనాయనను చీకటి గదిలో కూర్చోబెట్టి, వెలుగు కనబడగానే మీట నొక్కమంది. మీట చప్పుడు ఎంతసేపటికీ రాలేదు. పోల్చి చూడటానికి తర్వాత నన్నూ కూర్చోబెట్టింది. మొదట అంతా నలుపే. పోను పోను ఆవగింజంత వెలుగు కనిపించింది.

కంటి లోపలి పొరలో సన్నటి కడ్డీల్లాంటి కణాలు కోట్లలో ఉంటాయట. మసక వెలుతురును పట్టేవి అవే. పెదనాయనకు అవి కొద్దికొద్దిగా పోతున్నాయి. పగలు చూసే కణాలు వేరు, అవి ఇంకా బాగున్నాయి. తిండి లోపంతో వచ్చే రేచీకటికైతే కార్జం పనిచేస్తుంది, దీనికి కాదు. దీనికి మందు ఇంకా వెతుకుతున్నారట. ఏటా వచ్చి చూపించుకుంటే వాళ్ల పరిశోధనకూ పనికొస్తుందని చెప్పింది.

పెదనాయన అడిగింది ఒక్కటే. "మంద కాయొచ్చునా తల్లీ?"

పగలు కాయమంది. రాత్రి ఒంటరిగా వద్దంది.

తిరిగొచ్చే బస్సులో నాతో చెప్పాడు. "తాగుబోతంటే ఒక ఏడు పిలవరు పాపా. కళ్లు లేవంటే ఇంకెప్పటికీ పిలవరు. అందుకే తాగినానన్నా."

ఆ తర్వాతి వారం తనే నన్ను వెంటబెట్టుకుని కలువాయి వెళ్లాడు. మోటారు దగ్గరున్న రాఘవకు జరిగింది చెప్పేశాడు. రాఘవ మోటారు ఆపాడు.

"అయితే నేను తిట్టిన తిట్లన్నీ దండగేనా ఓబులయ్యా?" అన్నాడు. తర్వాత, "వల దారి ఏ పక్క ఉండాదో ఎట్టా తెలుసుకుంటావు?"

"దారి పక్క గుంజకు గంట కడతా. కాపలా మా ఇంటామె చూస్తాది, నేను వింటా."

"శెనక్కాయ పీకినాక రాపో" అన్నాడు రాఘవ.

ఈ వేసవి ఆ పొలంలోనే మంద కట్టాము. గాలికి గుంజ మీద గంట కదిలినప్పుడల్లా పెదనాయన తల అటు తిరిగేది. పెద్దమ్మ మాత్రం కార్జం మానలేదు. మందు కాకపోతేనేం, ఆయనకు ఇష్టమట.