మందకూ మనిషికీ ఒకటే జ్వరం

మొన్న షుగరు పరీక్షకని ప్రొద్దుటూరు పోతే, ల్యాబులో అమ్మాయి నా మోచేతి మడత మీద స్పిరిటు దూది రుద్దింది. ఆ చల్లదనం, ముక్కులో పొడిచే ఆ వాసన తగలగానే సుగుణమ్మ డాక్టరు పక్కన నిలబడినట్టే అనిపించింది. ఆమె ఎక్కడికి వచ్చినా ఆమెకంటే ముందు ఆ వాసన వచ్చేది. కొంగులోనూ అదే, ఆమె ఒలిచి ఇచ్చిన బత్తాయి తొనలోనూ అదే. "ఏందమ్మా, అందరూ సూదికి మూతి ముడుస్తారు, నువ్వు నవ్వుతాండావు?" అంది ఆ అమ్మాయి. ఆమెకు చెప్పాలంటే ఒక పూట పడుతుంది. వెనక వరుసలో జనం ఉన్నారు. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది సింహాద్రిపురం పక్కన పల్లె. గొర్రెలు, మేకలు మా బతుకు, వాన కురిస్తే కొంచెం సేద్యం. మా ఆయన ఓబులేసు మంద వెనక నడవడమే తప్ప కూర్చోవడం తెలియని మనిషి. అలాంటి మనిషికి ఒక ఎండాకాలం జ్వరం పట్టింది. పొద్దున బాగానే ఉండేవాడు. పొద్దు వాలేసరికి ఒళ్లు పెనంలా కాలేది. తెల్లవారితే దుప్పటి పిండుకునేంత చెమట. నడుము పట్టేసి, లేవాలంటే గోడ ఆసరా కావాలి. చూపించిన చోటల్లా టైఫాయిడ్ అన్నారు. మందులు మింగితే తగ్గేది, మానితే మళ్లీ వచ్చేది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించాం. చివరికి మా మరిది, "వదినా, అన్న ఇంక మంద ఎనక నడిచేది కల్ల. అమ్మేద్దాం" అన్నాడు. మా ఆయన ఆ మాట విని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మంద పోతే ఆ మనిషి మంచం దిగడని నాకు అప్పుడే తెలిసిపోయింది.

జమ్మలమడుగులో మా చెల్లెలు ఉంది. ఆమె పట్టుబట్టి సుగుణమ్మ దగ్గరికి తీసుకుపోయింది. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, గట్టి గొంతు. అంతకుముందు డాక్టర్లంతా జ్వరం ఎప్పటినుంచి అని అడిగారు. ఈమె మాత్రం, "ఏం పని చేస్తాండావప్పా?" అని మొదలుపెట్టింది. గొర్రెలని చెప్పగానే కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈ ఏడు గొర్రెలు ఏమన్నా ఈసుకపోయినాయా?"

ఈసుకపోవడమంటే నెలలు నిండకముందే కడుపులోని పిల్ల పడిపోవడం, మాయ అంటే పిల్ల వెనక వచ్చే పొర. "శానా పోయినాయి మేడమ్మా. ఈయనే వట్టి చేతుల్తో మాయ తీసినాడు" అన్నాను.

"నాకు జొరమొస్తే గొర్రెల కత ఎందుకు మే?" అని మా ఆయన నన్ను కసిరాడు.

"నువ్వుండప్పా, ఆమెను చెప్పనీ" అంది డాక్టరు. "పాలు ఎట్ల తాగుతారు?"

"ఎట్ల తాగేదేంది? చెంబులోకి పిండుకోని తాగేదే."

మాలో అదే వాడుక. పొదుగు నుంచి దిగిన వేడితోనే తాగితే గుమ్మపాలంటాం. ఒంటికి అంత బలం మరొకటి లేదని మా నమ్మకం. జ్వరపు మనిషికని మా అత్త పూటపూటా మేకపాలు పిండి కొడుకు నోటికి అందించేది.

సుగుణమ్మ అదంతా కాగితం మీద రాసుకుంది. తర్వాత, "నాకొక అనుమానం ఉండాది. దాన్ని తేల్చే పరీక్ష మాత్రం నా కాడ లేదు" అంది. తన దగ్గర లేదని అంత పెద్ద డాక్టరు నోరు తెరిచి చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. మా ముందే పులివెందుల పశువుల డాక్టరు బాషా సారుకు ఫోను చేసింది. గొర్రెల్లో ఆమె అనుమానపడిన రోగాన్ని పట్టే పరీక్ష మీద పనిచేసే ల్యాబువాళ్లు ఆ వారం ప్రొద్దుటూరు వస్తున్నారని ఆయన చెప్పాడట. మా ఆయన రక్తం తీసి, మమ్మల్ని వెంటబెట్టుకుని ఆమే బస్సెక్కింది.

ప్రొద్దుటూరులో ఒక గదిలో పొడుగాటి బల్ల. దాని చుట్టూ బాషా సారు, ల్యాబు నుంచి వచ్చిన ఇద్దరు, ఈమె. విషయం తెలిసి మా ఆయన, "గొర్రెకు చేసేది నాకు చేస్తారా? కొమ్ములొకటే తక్కువ నాకు" అన్నాడు. "కొమ్ములుంటే మేలే గదప్పా, సూది పొడిచేటప్పుడు పట్టుకునేకి" అంది సుగుణమ్మ. అన్ని నెలల తర్వాత మా ఆయన నవ్వాడు. తెల్లటి పలక మీద గులాబీ రంగు మందు ఒక చుక్క, రక్తం నుంచి తేర్చిన నీరు ఒక చుక్క వేసి పుల్లతో కలిపారు. ఆమె నన్ను దగ్గరికి పిలిచి, "చూడు పాపా, విరిగిన పాల మాదిరి పలుకులు కడతాండాది" అని చూపించింది. ఇంకో పరీక్షతో కూడా ఖాయం చేసుకున్నాకే మాకు పేరు చెప్పారు. బ్రూసెల్లా. మాయ ముట్టినా, పచ్చిపాలు తాగినా మంద నుంచి మనిషికి వచ్చే జ్వరం, మందు ఉన్న జ్వరం. ఇన్నాళ్లూ ఆ పరీక్ష ఒకచోట, మా ఆయన ఇంకోచోట ఉండిపోయారు. మధ్యలో నడిచి రెండింటినీ కలిపే మనిషి లేకనే మేమన్ని నెలలు తిరిగామని నాకు ఆ బల్ల దగ్గర అర్థమైంది.

వారాల తరబడి మాత్రలు, వాటితో పాటు ఇంజక్షన్లు, పచ్చిపాలు ముట్టొద్దని డాక్టరు హెచ్చరిక. జ్వరం తగ్గింది. ఊపిరి పీల్చుకున్నాం. ఆపైన ఒక సాయంత్రం మళ్లీ ఒళ్లు కాలింది.

ఫోను చేస్తే సుగుణమ్మ ఈసారి మమ్మల్ని రమ్మనలేదు. బాషా సారునూ, ప్రొద్దుటూరులో బల్ల దగ్గర చూసిన ల్యాబు సారొకాయననూ తోడు తెచ్చుకుని మా ఇంటికే వచ్చి, మా అత్త పక్కన నులకమంచం మీద కూర్చుంది. "అవ్వా, మళ్లీ గుమ్మపాలు ఇచ్చినావా?"

"ఇచ్చినా. నా కొడుకు, నా మేక. బలం లేకుండా మాత్రలు ఎట్ల అరుగుతాయి?" అంది మా అత్త, ఏమాత్రం తొణక్కుండా.

ల్యాబు సారు కంటికి కనపడని పురుగుల గురించి చెప్పబోయాడు. సుగుణమ్మ చేయెత్తి ఆపింది. "కాగబెట్టి ఇయ్యొచ్చు కదా అవ్వా?"

"కాగితే బలమంతా ఆవిరైపోతాది."

"అట్లనా? మరి ఉడికితే బియ్యం బలం పోదా? కొడుకుకు పచ్చి బియ్యమే పెట్టకపోయినావా?"

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతోనే సగం పని అయిపోయింది. తర్వాత మా అత్తే, "ఇంట్లో సరే, మంద కాడ పొయ్యి యాడుంటాది? అది గూడా చెప్పండి" అని నిలదీసింది. మంద దగ్గర మూడు రాళ్లు పెట్టి కాచుకోవడం, ఈనేటప్పుడు చేతులకు తొడుగులు వేసుకోవడం, మాయను సున్నం చల్లి లోతుగా పూడ్చడం, ఇవన్నీ ఆ మంచం చుట్టూ కూర్చునే తేల్చుకున్నారు. "ల్యాబులో తెలిసింది మీ పొయ్యి దాకా రాకపోతే తెలిసి ఏం లాభం సారూ?" అని సుగుణమ్మ ల్యాబు సారుతో అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

మందకంతా పరీక్ష చేయాలనేసరికి మా మరిది దొడ్డి తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "మంద మీద మచ్చ పడితే సంతలో మనల్ని కుక్క గూడా పలకరీదు" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. వచ్చినవాళ్లు ముగ్గురూ నా వైపు చూశారు. "అబ్బీ, మీ అన్న మళ్లా పడితే లేచేది లేదు. మనిషి పోయినాక మంద పేరు ఎవురికి గావాల?" అన్నాను. అతనే పక్కకు జరిగి గొళ్లెం తీశాడు. రోగమున్నవాటిని వేరు చేసి, సంతకు తోలకుండా బాషా సారు చెప్పిన చోటికి పంపేశాం. మంద సన్నబడింది. మా ఆయన మళ్లీ మొదటినుంచి మాత్రలు వాడాడు.

ఆ తర్వాత చాలాకాలం పొద్దు వాలితే మళ్లీ ఒళ్లు కాలుతుందేమోనని మా ఇంట్లో అందరికీ భయం. మా అత్త పోయి కొడుకు నుదురు తాకేది, నేను మెడ తాకేదాన్ని. ఒకరోజు మా ఆయన మా చేతులు తోసేసి, "తాకింది చాలు గానీ, ఇంకో ముద్ద సంగటి పెట్టండి" అన్నాడు. మా అత్త పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చింది. నాకు మాత్రం ఆ పూట ఎప్పుడూ లేనంత నిద్ర పట్టింది. వానలు పడ్డాక ఆయన మంద తోలుకుని పోతుంటే, ఆ నడక చూడడానికి నేను ఊరి చివరిదాకా వెంట పోయాను.

సుగుణమ్మ తర్వాత ఉద్యోగం చాలించి వేరే ఊరు పోయింది. పోయేముందు, "నువ్వు ఆ పొద్దు గొర్రెల సంగతి చెప్పకపోయింటే నాకెట్ల తెలుసు? నీ నోరు మూసిపెట్టుకోవద్దు పాపా" అంది.

అందుకని చుట్టుపక్కల మందలవాళ్లకు ఎవరికి జ్వరం వచ్చినా నేను వాళ్లతో పాటు ఆసుపత్రికి పోతాను. రోగికి నొప్పి చెప్పడమే తెలుస్తుంది, పెళ్లానికి సిగ్గు. మిగతాది నేను చెప్తాను. ఈమధ్య పులివెందులలో ఒక కొత్త డాక్టరు, "ఈయనకు నువ్వేమవుతావమ్మా?" అని అడిగాడు.

"ఏమీ కాను సారూ. ఈళ్లింట్లో ఏం జరుగుతాదో చెప్పేకొచ్చినా" అన్నాను.

ఆయన రాస్తున్న చేయి ఆపి, కాలితో స్టూలు నా వైపు జరిపాడు. కూర్చుని, మొదటినుంచి చెప్పాను.