క్యాంపు నుంచి వచ్చిన అక్క

మా అక్క ఎంపీటీసీ. సీటు మహిళలకు రిజర్వు కావడంతో బావ నిలబడాల్సిన చోట తను నిలబడి గెలిచింది. సంతకాలు అక్కవి, మాటలు బావవి. శాసనమండలిలో వాళ్ల జిల్లా స్థానిక సంస్థల సీటు ఖాళీ అయ్యేదాకా అక్క ఓటుకు అంత విలువ ఉందని మాకెవరికీ తెలియదు.

ఆ సీటుకు మామూలు జనం ఓటేయరు. ఎంపీటీసీలు, జడ్పీటీసీలు, కౌన్సిలర్లు వేస్తారు. అభ్యర్థుల పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని ఇష్టం వరుసలో అంకెలు రాయాలి. మండలిలో రెండు పక్షాల బలం దాదాపు సమానంగా ఉందని, పెద్దల సభ ఎవరి చేతికి వస్తుందో ఈ ఒక్క సీటుతో తేలుతుందని టీవీలో ఊదరగొట్టారు. అక్క వాళ్ల పార్టీ తన ఓటర్లందరినీ బస్సులెక్కించి నగర శివార్లలోని ఓ రిసార్టులో క్యాంపు పెట్టి, అవతలి పక్షం కొనకుండా దాచింది. బావ కూడా వెంట వెళ్లాడు. ఫోన్లు తీసేసుకున్నారు.

మా ఆయన ఆఫీసు పని మీద బెంగళూరు వెళ్లిన వారం అది. నేను నల్లగండ్లలో మా ఫ్లాటులో కూర్చుని పని చేసుకుంటున్నాను. మధ్యాహ్నం గేటు దగ్గర నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు.

"మేడం, మీ అక్కనంట. కాళ్లకు చెప్పులు గూడ లేవు. పంపాల్నా?"

అక్క లోపలికి రాగానే తలుపు గడియ తనే వేసింది. క్యాంపులోని ఆడవాళ్లను కొండాపూర్‌లో చీరల కొట్టుకు తీసుకొచ్చారట. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, వెనక తలుపు నుంచి వచ్చేసి ఆటో ఎక్కిందట.

"ఎందుకే ఇట్ల వచ్చినవ్?" అన్నాను.

"ఓటెట్ల రాయాల్నో రోజూ నేర్పుతున్నరు చెల్లె. మనోనికి ఒకటి, తర్వాత రెండు ఎవరికి, మూడు ఎవరికి అని ఒక్కొక్కలకు ఒక్కో తీరు చెప్పిన్రు. లెక్కపెట్టేటప్పుడు ఆ తీరును బట్టి ఎవరి ఓటు ఎటు పడ్డదో గుర్తుపడ్తరంట. నిన్న ఒకామె తప్పు రాసింది. అందరి ముందల ఆమె మొగుని కాలర్ పట్టిన్రు. నాకు చెయ్యి వణుకుతది. అంకె తప్పు పడితే అమ్ముడుపోయిన అంటరు."

ఇంతలో తెలియని నంబరు నుంచి ఫోన్. బావ గొంతు.

"మీ అక్క ఆడికొచ్చిందా?"

"రాలే బావా," అన్నాను.

"వస్తె జల్దిన పంపు. నన్ను గదిలకెళ్లి బయటికి రానిస్తలేరు." గుసగుసగా అని పెట్టేశాడు.

బాల్కనీలోకి వెళ్లి చూస్తే గేటు బయట తెల్ల కారు ఆగి ఉంది. దాని వెనకే మా పాప బడి బస్సు వచ్చి నిలబడింది. రెండో తరగతి చదివే పిల్ల. లిఫ్టు కోసం ఆగలేక మెట్ల మీదుగా పరుగెత్తాను. నేను చేరేసరికి తెల్ల చొక్కా మనిషి ఒకడు పాప ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పాప బ్యాగు అతని చేతిలో ఉంది.

"పాప మంచిగ మాట్లాడ్తది మేడం. పట్నమొస్తె పెద్దమ్మ మీ ఇంట్లనే ఉంటదని చెప్పింది," నవ్వాడు. "మాకు లొల్లి ఏమొద్దు. జర అక్కను పంపుండ్రి. పాప రోజూ గీ బస్సుకే వస్తదా?"

అతను గొంతు పెంచలేదు. తిట్టలేదు. బ్యాగు లాక్కుని పాపను ఎత్తుకుని పైకి వచ్చాను. పోలీసులకు ఫోన్ చేద్దామన్నాను.

"మీ బావ ఆళ్ల కాడనే ఉన్నడే," అంది అక్క. పాపను కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తర్వాత మొహం కడుక్కుని, నా చెప్పులు తొడుక్కుంది. వెళ్లొద్దని నేను గట్టిగా అనలేక, పాపను ఎత్తుకుని వెంట దిగాను.

గేటు దగ్గర అప్పటికి బస్సుల కోసం వచ్చిన తల్లులు గుమిగూడి ఉన్నారు. అక్క వాళ్ల మధ్యలో నిలబడి, ఆ మనిషితో అందరికీ వినబడేలా మాట్లాడింది.

"నేను వస్త. మీ గుర్తు మీద గెలిచిన, ఓటు మీకే ఏస్త. కానీ ఒకటి మాత్రమే రాస్త. రెండు రాయ, మూడు రాయ. ఒక్క అంకె రాసినా ఓటు చెల్లుతది. ఈ పిల్ల జోలికి మళ్ల వస్తె ఆ ఒకటి గూడ రాయ. పోయి మీ పెద్దోళ్లకు చెప్పు."

అందరూ తిరిగి చూశారు. అతను పక్కకు వెళ్లి ఎవరితోనో చాలాసేపు ఫోన్లో మాట్లాడాడు. వచ్చి కారు తలుపు తీశాడు. అక్క ఎక్కింది. కారు తెల్లాపూర్ వైపు మలుపు తిరిగాక కూడా నేను అక్కడే నిలబడిపోయాను. ఆమెను మళ్లీ చూస్తానో లేదో అనిపించింది.

పోలింగ్ రోజు టీవీలో ఆ వరుసంతా వెతికాను. అక్క కొంగు నిండుగా కప్పుకుని తల వంచుకుని నడుస్తోంది. బావ కనిపించలేదు.

అక్క వాళ్ల పార్టీ అభ్యర్థి సునాయాసంగా గెలిచాడు. మండలిలో ఎవరి బలం ఎంతో రంగు రంగుల గీతలతో చూపించారు. ఆ రోజే అక్కా బావా ఊరు చేరారు. అక్కను ఎవరూ ఏమీ అనలేదట. తర్వాతి ఎన్నికల్లో మాత్రం టికెట్ ఇవ్వలేదు.

"ఒకటే రాసినవా?" అని వాళ్లు ఊరు చేరిన రాత్రే ఫోన్లో అడిగాను.

"ఒకటే రాసిన. రాసేటప్పుడు చెయ్యి వణకలే చెల్లె. బయటికొచ్చి బస్సు ఎక్కినంక వణికింది."

పాపను ఆ తర్వాత బడి బస్సు ఎక్కించలేదు. రోజూ నేనే దింపి, నేనే తీసుకొస్తున్నాను. పాప అడిగితే నీతో కబుర్లు చెప్పుకోవడానికని అంటాను.